తోట నాది... ఊరు మనది

ఒక్కరి హక్కు ముందా, అందరి మేలు ముందా? రాజకీయ తత్వవేత్తలు వందల ఏళ్లుగా వాదించుకుంటున్న ఈ ప్రశ్నను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరం పుస్తకాల్లో చదువుకోలేదు. దాదాపు తొమ్మిది దశాబ్దాలుగా తన తోటల్లో, బీలల్లో, కొండ వాలుల్లో దానికి జవాబు వెతుకుతూనే ఉంది.

ఉద్దానంలో కొత్త జీపొకటి ఆగిందంటే ఊరు ఊరంతా బయటికొస్తుంది. వేసవిలో అయితే మరీను. చెట్ల కింద రాలిన జీడిపిక్కలు ఏరుతున్న ఆడవాళ్లు బుట్ట దించి నడుం నిటారు చేసుకుంటారు. కొబ్బరి చెట్టెక్కిన మనిషి గెల కోయడం ఆపి పైనుంచే చూస్తాడు. వచ్చినవాళ్ల చేతిలో ఉన్నది గొలుసా, కాగితమా, కొలతల యంత్రమా అన్నది ముందు తేలాలి. ఆ తర్వాతే పలకరింపు. ‘‘ఏటి బావూ, ఎవులు పంపారు? మా తోటలెందుకు కొలుత్తన్నారు?’’

మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కార్గో విమానాశ్రయం ప్రతిపాదన బయటికొచ్చినప్పటి నుంచి ఆ తీరంలో ఈ ప్రశ్న ఆగలేదు. రైతులు సమావేశాలు పెట్టుకున్నారు, నిరసనలకు దిగారు. టెక్కలి ఆర్డీవో కార్యాలయం దగ్గరి టీకొట్టులోనైనా, పలాస జీడిపప్పు బట్టీల్లోనైనా ఇప్పుడు రెండు వాదనలు ఎదురెదురుగా నిలబడతాయి. తాత నాటిన తోట, తండ్రి నీళ్లు మోసి పెంచిన తోట, దాన్ని ఉంచుకోవాలో అమ్ముకోవాలో నిర్ణయించేది నేనే అన్నది మొదటి మాట. మన పిల్లలు ఇంకెన్నాళ్లు పని కోసం హైదరాబాదు, ముంబయి, గల్ఫు బాట పట్టాలి, జిల్లా అంతా బాగుపడుతుందంటే కొందరు భూమి వదులుకోవాలి కదా అన్నది రెండో మాట.

మొదటిదాన్ని రాజకీయ శాస్త్రం వ్యక్తివాదం అంటుంది, రెండోదాన్ని సమష్టివాదం అంటుంది. పుస్తకాల్లో ఇవి బద్ధ శత్రువులు. ఉద్దానంలో మాత్రం ‘నా తోట’ అంటున్న రైతులే ఊళ్లన్నీ కలిపి కమిటీ కట్టుకున్నారు. ‘అందరి మేలు’ అంటున్న చోటే ఆ అందరినీ కూర్చోబెట్టి అడిగిన సందర్భాలు అరుదు. ఈ నేల చరిత్ర చెప్పే అసలు పాఠం ఇక్కడే ఉంది. గొడవ వ్యక్తికీ సమూహానికీ మధ్య కాదు. అందరి తరఫున మాట్లాడే అధికారం ఎవరికి ఉంది, అది ఎవరిచ్చారు అన్నదే గొడవ.

ఇచ్ఛాపురం నుంచి మొదలైన నడక

జమీందారీ రోజుల్లో ఇక్కడి రైతుకు ‘నా భూమి’ అనే మాటే లేదు. మందస, టెక్కలి లాంటి ఎస్టేట్లలో శిస్తు కట్టేది రైతు, పెత్తనం జమీందారుది. అడవిలో కట్టె కొట్టినా, పశువులు మేపినా దివాణం అనుమతి కావాలి. ఒక్కడుగా వెళ్లి అడిగితే అర్జీ కాగితం గడప దాటేది కాదు.

అందుకే వాళ్లు నడిచారు. 1930ల చివర్లో ఆంధ్ర రైతు ఉద్యమకారులు ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి మద్రాసు దాకా యాత్ర చేశారు. తొమ్మిది జిల్లాలు, 1,500 మైళ్లకు పైగా దూరం, 130 రోజులు. దారిపొడవునా రైతుల ఫిర్యాదులు పోగేశారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని ప్రధాన కార్యదర్శి గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి.రంగా. ఆ కిసాన్ సభ 1940 మార్చిలో తన జాతీయ మహాసభను పలాసలో జరుపుకొంది. మారుమూల రైల్వే స్టేషను ఊరికి దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు తరలివచ్చారు.

ఆ సభ ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస ఎస్టేటులోని గుడారి రాజమణిపురంలో తుపాకులు పేలాయి. అడవి కట్టె విషయంలో రైతులను పట్టుకెళ్లడానికి వచ్చిన పోలీసులకు ఊరు అడ్డు నిలిచింది. ముందు వరుసలో నిలబడ్డ సాసుమాన గున్నమ్మ అప్పటికి గర్భిణి. ఆమెతో పాటు మరికొందరు నేలకొరిగారు. ఉత్తరాంధ్ర ఆమెను నేటికీ వీరగున్నమ్మ అనే పిలుచుకుంటుంది.

గున్నమ్మ నిలబడింది తన ఒక్క చేను కోసం కాదు, ఊరందరి అడవి కోసం. కానీ ఆ పోరాటాల ఫలితంగా 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాక దక్కింది మాత్రం ఎవరి పట్టా వారికే. నేడు ఉద్దానం రైతు గుండెకు హత్తుకుని చూపించే పట్టా పుస్తకం వెనుక పేర్లు తెలియని వందల మంది ఉమ్మడి నడక ఉంది. ఇక్కడ వ్యక్తి హక్కును పుట్టించిందే సమూహం.

1967: ఒకే జిల్లా, రెండు దారులు

ఇరవై ఏళ్లు తిరగకుండానే అదే రైతు ఉద్యమం రెండుగా చీలి, ఒకదానికొకటి పూర్తిగా ఎదురు దిక్కులకు వెళ్లింది.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. చిన్న కమతాలను కలిపి అందరూ కలిసి సాగు చేస్తే దిగుబడి పెరుగుతుందని నెహ్రూ నమ్మకం. రంగా ఎదురు తిరిగారు. జమీందారు నుంచి విడిపించుకున్న భూమిని ప్రభుత్వ సంఘం చేతిలో పెడితే రైతు తన చేనులోనే కూలీ అవుతాడన్నది ఆయన వాదన. ఆ భయానికి అప్పటికే ఆధారాలున్నాయి. సోవియట్ యూనియన్‌లో బలవంతపు ఉమ్మడి సేద్యం తర్వాత 1932-33లో ఉక్రెయిన్ ఆకలితో లక్షల ప్రాణాలు కోల్పోయింది. చైనా 1958లో కమ్యూన్లు మొదలుపెట్టి ఘోర కరవులోకి జారుతోంది. రాజాజీ స్ఫూర్తితో 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీకి రంగా అధ్యక్షుడయ్యారు.

ఆ పార్టీకి శ్రీకాకుళంలో వెన్నెముక గౌతు లచ్చన్న. సోంపేట దగ్గర బారువలో, గీత వృత్తి కుటుంబంలో పుట్టి, స్వాతంత్ర్య పోరాటంలో ‘సర్దార్’ అనిపించుకున్న మనిషి. అందరి మేలు పేరుతో కొందరి పొట్ట ఎలా కొట్టవచ్చో ఆయనకు సొంత ఇంటి అనుభవం. మద్యనిషేధం వచ్చాక తాటిచెట్టు తప్ప మరో ఆధారం లేని గీత కుటుంబాలు వీధిన పడ్డాయి. తాగుడు మానిపించడం మంచి ఆశయమే. దాని ఖరీదు మొత్తం ఒక్క కులవృత్తి మీదే వేయడం న్యాయమా అని లచ్చన్న నిలదీశారు. మద్యనిషేధంపై వేసిన రామమూర్తి కమిటీ సిఫార్సులు అమలు కాలేదన్న ఆ వివాదంలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది.

1967 ఎన్నికల్లో లచ్చన్న శాసనసభకూ, శ్రీకాకుళం లోక్‌సభ స్థానానికీ గెలిచారు. లోక్‌సభ సీటు వదులుకుని, ఉప ఎన్నికలో తన గురువు రంగాను అక్కడి నుంచి ఢిల్లీ పంపారు. సొంత ఆస్తి, కుటుంబ సేద్యం, వ్యక్తి స్వేచ్ఛల గురించి దేశంలోనే గట్టిగా మాట్లాడే గొంతు అలా శ్రీకాకుళం గొంతు అయింది.

అదే ఏడాది అక్టోబరు 31న అదే జిల్లా కొండల్లో, లేవిడి దగ్గర, గిరిజన సంఘం సభకు వెళ్తున్న కోరన్న, మంగన్న అనే ఇద్దరిని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. సవర, జాతాపు కుటుంబాల పోడు భూములు అప్పుల కింద షావుకార్ల చేతుల్లోకి పోతున్న రోజులవి. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్లు ఏళ్ల తరబడి వాళ్లను కూడగడుతూ వచ్చారు. లేవిడి తర్వాత ఆ కూడిక ఆయుధాల దారి పట్టింది. ఉద్దానంలోని బొడ్డపాడు, గరుడభద్ర ఊళ్లకు 1968 చివరికల్లా ఆ మంట అంటుకుంది.

మైదానంలో ‘నా భూమి జోలికి రాకు’ అన్న మాట రైతుకు రక్షణ. కొండ మీద అదే మాట షావుకారుకు రక్షణ. కాగితం ఎవరి దగ్గర ఉందో వారికే స్వేచ్ఛ దక్కితే, కాగితం లేనివాడి గతేమిటి? స్వతంత్ర పార్టీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది.

———

1967లో ఏం జరిగింది?

● ఫిబ్రవరి 27: గోలక్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. భూసంస్కరణల నేపథ్యంలో వచ్చిన ఈ కేసులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు కూడా హరించలేదని 6-5 మెజారిటీతో ప్రకటించింది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ధర్మాసనం.

● ఏప్రిల్: తెలుగువాడైన సుబ్బారావు పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు.

● అదే ఏడాది: స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. ఉప ఎన్నికతో శ్రీకాకుళం ఎంపీగా ఎన్.జి.రంగా.

● అక్టోబరు 31: లేవిడి కాల్పులు. శ్రీకాకుళ సాయుధ పోరాటానికి ఇదే మలుపు.

———

బొడ్డపాడు చెప్పే కథ

పలాసకు కూతవేటు దూరంలో ఉన్న బొడ్డపాడులో అమరవీరుల స్తూపం ఉంది. ఒక్క ఊరి నుంచి అంతమంది చదువుకున్న పిల్లలు అడవి బాట పట్టడం, తిరిగి రాకపోవడం మామూలు విషయం కాదు. ఆ ఊరి బిడ్డ పంచాది కృష్ణమూర్తి 1969 మేలో చనిపోయారు. గుడిలో పూజారిగా ఉంటూ జముకుల కథతో ఊళ్లను కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి అదే ఏడాది డిసెంబరులో కన్నుమూశారు. సత్యం, కైలాసం 1970 జులైలో హతమయ్యారు. చాలావరకు ఇవన్నీ ఎన్‌కౌంటర్ల పేరుతో నమోదైన మరణాలు.

వాళ్ల త్యాగాన్ని ఉద్దానం గౌరవంగానే గుర్తుంచుకుంటుంది. గుర్తుంచుకోవలసిన మరో వైపు కూడా ఉంది. వర్గ శత్రువు అన్న ముద్ర పడ్డాక మనిషికి పేరు, ఇల్లు, పిల్లలు మిగలలేదు. వ్యక్తిగత నిర్మూలన పంథా ప్రజలను కదిలించకపోగా దూరం చేస్తుందని తరిమెల నాగిరెడ్డి లాంటి విప్లవ నాయకులే విభేదించారు. మరోవైపు శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వం విచారణ లేకుండానే ప్రాణాలు తీసింది. ఇద్దరూ మాట్లాడింది ప్రజలందరి పేరుతోనే. ఇద్దరి లెక్కలోనూ ఒక్క మనిషి ప్రాణం తేలికైపోయింది.

ఆ రక్తపాతం నుంచి వచ్చిన మేలు ఒకటుంది. 1959 నాటి గిరిజన ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలను ప్రభుత్వం 1970లో కట్టుదిట్టం చేసింది. గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదన్న ఆ నిబంధననే జనం 1/70 అంటారు. తన భూమిని నచ్చినవారికి అమ్ముకునే స్వేచ్ఛను అది గిరిజనుడి నుంచి తీసేసిన మాట నిజం. ఆ ఒక్క స్వేచ్ఛను వదులుకోకపోతే కొండ మీద గిరిజనుడికి భూమే మిగిలేది కాదన్నదీ నిజమే.

పట్టా లేని బీల

పట్టా ఉన్నవాడు కోర్టుకెళ్తాడు. ఎవరి పేరునా లేని భూమి కోసం ఎవరు వెళ్తారు?

సోంపేట బీల అలాంటిదే. సముద్రానికి దగ్గర్లో, ఏడాది పొడవునా నీళ్లు నిలిచే పల్లపు నేల. చుట్టుపక్కల పొలాలకు తడి అక్కడి నుంచే. జాలర్లకు చేపలు, పశువులకు మేత, చాపలు అల్లేవారికి గడ్డి అక్కడివే. వలస పక్షులకు విడిది కూడా. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం అది ప్రభుత్వ భూమి. అందులో సుమారు 970 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ థర్మల్ విద్యుత్ కేంద్రానికి ప్రభుత్వం కేటాయించింది. రాష్ట్రమంతటికీ కరెంటు కావాలి, బంజరు నేల ఇస్తే తప్పేమిటన్నది వాదన.

బీల బంజరు కాదని చెప్పడానికి ఊళ్లకు ఏ పట్టా లేదు. ఉన్నది మనుషులే. రైతులు, మత్స్యకారులు, కూలీలు, సోంపేట పట్నంలోని వైద్యులు, వ్యాపారులు ఒక్కటయ్యారు. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్.శర్మ లాంటివారు కాగితాల పోరాటంలో తోడు నిలిచారు. 2010 జులై 14న పనులు మొదలుపెట్టడానికి వచ్చిన బలగాలను జనం అడ్డుకున్నారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. దీక్షా శిబిరం మాత్రం ఏళ్ల తరబడి కొనసాగింది. బీలలో థర్మల్ కేంద్రం రాలేదు.

ఎనిమిది నెలలు తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలికి ఆనుకుని ఉన్న సంతబొమ్మాళి మండలంలో అదే దృశ్యం. కాకరాపల్లి తంపర (చిత్తడి) భూముల్లో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ తలపెట్టిన థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించిన వడ్డితాండ్ర జనంపై కాల్పులు జరిగాయి. మళ్లీ ప్రాణాలు పోయాయి. అక్కడ నిర్మాణం మొదలై మధ్యలో ఆగిపోయింది. తంపర పాడైంది, కరెంటూ రాలేదు.

అందరిదీ అయిన వనరు ఎవరికీ పట్టక నాశనమవుతుందని 1968లో అమెరికన్ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ రాశారు. ప్రైవేటుకివ్వడమో, ప్రభుత్వం తీసుకోవడమో తప్ప మార్గం లేదన్న అభిప్రాయం అప్పటి నుంచి బలపడింది. అమెరికా రాజకీయ శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచంలోని చెరువులు, అడవులు, చేపల రేవులు తిరిగి చూసి, ఊళ్లు తమంతట తామే కట్టుబాట్లు పెట్టుకుని ఉమ్మడి వనరులను తరతరాలు కాపాడుకోగలవని నిరూపించారు. 2009లో ఆర్థిక శాస్త్ర నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆవిడే. టెక్కలి మండలం తేలినీలాపురంలో ఏటా వచ్చే పెలికాన్లను, ఎర్రకాళ్ల కొంగలను తరాలుగా ఊరివాళ్లే ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు. ఆ పక్షుల మీద ఎవరికీ పట్టా లేదు. ఊరి మాట ఒక్కటే వాటికి రక్ష.

———

ఎవరేమన్నారు?

రూసో (1762): మనుషులంతా కలిసి చేసుకున్న సంకల్పమే చట్టం. దానికి లోబడటమే స్వేచ్ఛ.

మిల్ (1859): ఇతరులకు హాని కలగనంత వరకు వ్యక్తిని ఎవరూ ఆపకూడదు. ప్రభుత్వమే కాదు, పదిమంది అభిప్రాయమూ నియంతే కావచ్చు.

గాంధీ (1946): సముద్రంలో అలల వలయాల్లా సమాజం ఉండాలి. నడిమధ్యన వ్యక్తి, అతని చుట్టూ ఊరు, ఊరి చుట్టూ దేశం. బయటి వలయం లోపలిదాన్ని అణచకూడదు.

అంబేడ్కర్ (1948): రాజ్యాంగ పరిషత్తులో ముసాయిదాను ప్రవేశపెడుతూ, గ్రామాన్ని కాదని వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం ప్రకటించారు.

———

ఊరు కూడా నొక్కేస్తుంది

అంబేడ్కర్ మాటను ఉద్దానం మరిచిపోకూడదు. ఊరి ఐక్యత గురించి గొప్పగా చెప్పుకునే మనం ఆ ఊళ్లో ఎవరు మాట్లాడతారు, ఎవరు వింటారు అని కూడా అడగాలి. తీర గ్రామాల్లో కుల పెద్దల మాటకు ఎదురు చెప్పడం ఇప్పటికీ తేలిక కాదు. ఆ కట్టుబాట్లే వేట నిషేధ రోజుల్లో కుటుంబాలను నిలబెట్టాయి, తుపానులో పోయిన పడవకు చందాలు పోగేశాయి. అవే కట్టుబాట్లు ఇష్టపడి పెళ్లి చేసుకున్న జంటలను వెలివేశాయి కూడా. దళితవాడ మాట రచ్చబండ దాకా రాకుండా ఆపిందీ ఊరే.

భూమి ఉద్యమాల్లోనూ ఆ నీడ ఉంటుంది. అమ్ముకోవాలనుకునే చిన్న రైతు ఉంటాడు. కూతురి పెళ్లి, ఆసుపత్రి అప్పు, పట్నంలో స్థిరపడ్డ కొడుకు అతని కారణాలు. కమిటీ నిర్ణయించిందని అతన్ని ద్రోహి అనడం, ప్రభుత్వం నిర్ణయించిందని అమ్మనివాడిని అభివృద్ధి నిరోధకుడు అనడం రెండూ ఒకే తప్పు. సమూహం బలం దాని లోపల ‘కాదు’ అనగలిగే మనిషికి ఎంత చోటుందో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఒంటరిగా గెలవలేని జబ్బు

మరోవైపు, మనిషి ఒంటరిగా ఎంత పెనుగులాడినా గెలవలేని శత్రువు ఉద్దానంలో ఉంది. మూత్రపిండాల జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దశాబ్దాలుగా ఇళ్లకు ఇళ్లను కుంగదీస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు నేటికీ కచ్చితంగా తేల్చలేదు. నీళ్ల మీద అనుమానంతో ఉన్నవాళ్లు డబ్బాల నీళ్లు కొనుక్కున్నారు, లేనివాళ్లు బోరు నీళ్లే తాగారు. డయాలసిస్ కోసం విశాఖ తిరిగి తిరిగి తోటలమ్ముకున్న కుటుంబాలున్నాయి. ఎవరి ఆరోగ్యం వారిదే అనుకుంటే జరిగేది ఇదే.

హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటిని తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఇవి ఏ ఒక్కరూ డబ్బు పెట్టి కొనుక్కోగలిగేవి కావు. పైపులైను ఒక రైతు చేను గుండా వెళ్లాల్సి వస్తే, న్యాయమైన పరిహారం తీసుకుని దారివ్వడమే అతని ధర్మం. వ్యక్తి హక్కు అన్న మాటను నీళ్లకు అడ్డం పెట్టకూడదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకినప్పుడు కూడా అంతే. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కూలిన చెట్లు కోసి దారులు తెరిచింది పక్కింటివాళ్లే. పరిహారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెట్టు ఎవరిది అన్న ప్రశ్న ముందు నిలిచింది. ఆ చెట్టునే నమ్ముకుని బతికే దింపు కార్మికుడికి, కొబ్బరి పీచు ఒలిచే కూలీకి, పలాస బట్టీల్లో జీడిపిక్క కొట్టి పొట్టు తీసే ఆడవాళ్లకు తమ నష్టమని చూపించుకోవడానికి చెట్టే లేదు.

చట్టం ఎవరిని అడుగుతుంది?

ఈ చూపించుకోలేనివాళ్ల దగ్గరే మన చట్టం కూడా తడబడుతుంది.

1894 నాటి భూసేకరణ చట్టంలో ‘ప్రజా ప్రయోజనం’ అన్న రెండు మాటలు చాలు, ప్రభుత్వం ఎవరి భూమినైనా తీసుకునేది. సోంపేట, కాకరాపల్లి, నందిగ్రామ్ లాంటి చోట్ల జరిగిన పోరాటాల వేడిలోంచే 2013 చట్టం వచ్చింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టుకు 70 శాతం, ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం మంది సమ్మతి కావాలంది. సామాజిక ప్రభావ అంచనా జరగాలంది. ప్రయోజనం నిజంగా ప్రజలదేనా, అంత భూమి అవసరమా, వేరే చోటు చూశారా అన్నవి అందులో తేలాలంది. కూలీలను, కౌలుదారులను కూడా ‘ప్రభావిత కుటుంబాలు’గా గుర్తించింది.

ఇంతవరకు మంచిదే. సమ్మతి లెక్క దగ్గర మాత్రం చట్టం భూ యజమానులు, పట్టా పొందినవాళ్ల దగ్గరే ఆగిపోయింది. కౌలుదారు, దింపు కార్మికుడు, జాలరి ‘సరే’ అన్నా, ‘వద్దు’ అన్నా ఆ లెక్కలో కలవదు. ప్రభుత్వమే నేరుగా చేపట్టే ప్రాజెక్టుకు అసలు సమ్మతే అక్కర్లేదు. పైగా 2018లో ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సవరణ మౌలిక సదుపాయాల వంటి ప్రాజెక్టులను ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించింది. ఇంటికి ఒక తలుపు పెట్టి, పక్కనే గోడకు కన్నం పెట్టుకున్నట్టయింది.

దీని ఫలితం సంతబొమ్మాళి మండలంలో చూడవచ్చు. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మూలపేట, విష్ణుచక్రం గ్రామాల కుటుంబాలకు నౌపడ వద్ద పునరావాస కాలనీ తలపెట్టారు. ఇల్లు పోయినవారికి ఇల్లు, చేను పోయినవారికి డబ్బు లెక్కగట్టవచ్చు. రోజూ అడుగుపెట్టే రేవు, ఇరుగూ పొరుగూ, అప్పు పుట్టే పరిచయం ఏ రికార్డులో రాస్తారు? పోర్టు వస్తే ఉద్యోగాలు రావచ్చు, రావాలి కూడా. అవి ముందుగా ఎవరికి దక్కాలన్నది శంకుస్థాపన రోజున కాదు, భూమి కొలిచే రోజునే కాగితం మీద ఉండాలి.

ఒక్కరి హక్కును, ఊరి హక్కును ఒకే చట్టంలో కూర్చోబెట్టడం సాధ్యమేనని 2006 అటవీ హక్కుల చట్టం చూపించింది. మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర కుటుంబానికి తన పోడు మీద సొంత పట్టా రావచ్చు, అదే గూడేనికి అడవి మీద సామూహిక హక్కూ రావచ్చు. ఒకదాన్ని ఇవ్వడానికి రెండోదాన్ని లాక్కోనక్కర్లేదు. మైదానంలోని బీలలకు, తంపరలకు, చేపల రేవులకు ఇలాంటి సామూహిక హక్కు ఎందుకు ఉండకూడదు?

———

ఆస్తి హక్కు ప్రయాణం

● 1950: రాజ్యాంగంలో ఆస్తి ప్రాథమిక హక్కు. సమాజపు భౌతిక వనరులు అందరి మేలుకు ఉపయోగపడేలా పంచాలని 39(బి) అధికరణ ఆదేశం.

● 1973: కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను పక్కకు పెట్టింది. రాజ్యాంగాన్ని సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని మాత్రం ముట్టకూడదంది.

● 1978: 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగింది. చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదన్న 300-ఎ అధికరణ మిగిలింది.

● 2024 నవంబరు 5: ప్రైవేటు ఆస్తులన్నింటినీ సమాజపు వనరులుగా పరిగణించలేమని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు.

———

అడిగితేనే అందరి మేలు

ఈ తీరం అనుభవమంతా కలిపి చూస్తే ఒక తీర్పు చెప్పక తప్పదు. ఎస్టేట్ల కాలంలో వ్యక్తికి హక్కు తెచ్చింది సమూహం. కల్లుగీత కార్మికుడి విషయంలో అందరి మేలు ఒక్క వృత్తి మీద భారమై పడింది. కొండల్లో వ్యక్తి స్వేచ్ఛ షావుకారుకు ఆయుధమైతే, సాయుధ పోరాటంలో సమూహం పేరు మనిషి ప్రాణాన్ని తేలిక చేసింది. బీలను పట్టా కాపాడలేదు, జనం కాపాడారు. నీళ్లను ప్రభుత్వమే తేవాల్సి వచ్చింది. అంటే వ్యక్తివాదమో, సమష్టివాదమో ఒకదాన్ని పట్టుకుంటే ఉద్దానానికి న్యాయం జరగదు. నష్టపోయేవారిని ముందుగా అడిగి, వారు ఒప్పుకున్నాక జరిగేదే అందరి మేలు. అడగకుండా జరిగేది, దాన్ని ఎవరు చేసినా, బలవంతమే.

ఈ అడగడం ప్రభుత్వం దయతో జరగదు. విమానాశ్రయమో, పోర్టో, మరో ప్రాజెక్టో మీ ఊరికి వస్తుందని తెలిసిన రోజున చేయవలసిన పనులు కొన్నున్నాయి. సామాజిక ప్రభావ అంచనా చేస్తున్నారా అని రాతపూర్వకంగా అడగండి. మినహాయించామంటే ఏ ఉత్తర్వు కింద మినహాయించారో అడగండి. చేసి ఉంటే ఆ నివేదికను స్థానిక భాషలో పంచాయతీకి ఇవ్వాలని చట్టమే చెబుతోంది, తెలుగు ప్రతిని తెప్పించుకోండి. గ్రామసభలో అమ్ముతానన్నవాడినీ మాట్లాడనివ్వండి, అమ్మనన్నవాడినీ మాట్లాడనివ్వండి. చెట్టెక్కే కార్మికుడిని, కౌలు రైతును, జీడి బట్టీ మహిళలను, వలేసే కుటుంబాలను వెంటబెట్టుకుని వెళ్లండి. వారి పేర్లు, వారి అభిప్రాయం సభ తీర్మానంలో రాయించండి. వాళ్ల సమ్మతిని చట్టం ఇంకా లెక్కించడం లేదు. ఊరు లెక్కించడం మొదలుపెడితే చట్టం కూడా మారక తప్పదు.